మూడు పొట్టి, ఒక పొడుగు

మంట తర్వాత 588వ రోజు

పొద్దున్నే సోలారు పలకల మీద బూడిద తుడిచాను. కొండ కాలిపోయి ఏడాదిన్నర దాటింది. ఈ బూడిద ఇంకా ఎక్కడినుంచి వచ్చి పడుతోందో ఆ దేవుడికే తెలియాలి. నీళ్ళ పీపా సగముంది. గాలి పడమర నుంచి. ఎండ బాగా కాస్తోంది కాబట్టి ఇవాళ పని ఉంటుంది.

ఈ గట్టు మీద నా పని అద్దం ఊపడం. కింద లోయలో మొగ్గలపేట, అరవై గడపలు. పైన గెడ్డ, అదే లోయలో పారే కొండవాగు, పుట్టేచోట అప్పలకొండ చిన్నాన్న గుడిసె. పైన ఉన్నాయనకి కిందివాళ్ళు కనపడరు, కిందివాళ్ళకి ఆయన కనపడడు, ఇద్దరికీ నేను కనపడతాను. ఆయన అద్దంతో ఎండని తళుక్కుమనిపించి ఏది చెబితే అది నేను కిందకి తళుక్కుమనిపించాలి. అంతే ఉద్యోగం. నోరు విప్పక్కర్లేదు. అందుకే ఏరికోరి, ఉత్తరం రాసి అడిగి తీసుకున్నాను.

సంకేతాలు మొత్తం నూటపన్నెండు. మంట, పొగ, గాలి, మనిషి, మేక, ఆకు, ఉంది, లేదు, ఇలాంటివి. మొగ్గలపేట వాళ్ళే కూర్చుని కట్టుకున్నారు. ఆ ఊళ్ళో ఇప్పుడు గొంతుని ఎవరూ నమ్మరు. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితేనే మాట. ఫోనులో వచ్చినా, మాట్లాడే పెట్టెలో వచ్చినా, మైకులో వచ్చినా చెవిన పెట్టరు. గొంతుని యంత్రం దొంగిలిస్తుంది గానీ అద్దం ఊపే చేతిని దొంగిలించలేదని వాళ్ళ లెక్క. నిజమే, ఒక్కో చేతిది ఒక్కో నడక. కింద అద్దం పట్టే గౌరీసు చెయ్యి మొదట తడబడుతుంది, తర్వాత ఇక ఆగదు. ముఖం ఎలా ఉంటుందో తెలియదు గానీ ఆ చెయ్యిని వెయ్యి చేతుల్లోనూ పట్టేస్తాను. నా గుర్తు మూడు పొట్టి, ఒక పొడుగు. పేరు ఎవరూ అడగలేదు. గట్టు మీద ఉంటాను కాబట్టి గట్టప్ప, గట్టు మీది అక్క, అంటారట.

ఇవాళ గౌరీసు పంపింది: ఆకు. పచ్చ. రెండు. ఎక్కడో రెండు చిగుళ్ళు కనపడ్డాయన్నమాట. కాసేపాగి మళ్ళీ: కోడి. గుడ్డు. లేదు. గట్టు. తిన్నది.

గుడ్డు నేనే తినేశానట! గట్టిగా నవ్వేశాను. ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పిచ్చిదనుకుంటారు. అనుకోడానికి ఎవరైనా ఉంటే కదా!

593వ రోజు

అప్పలకొండ చిన్నాన్న ఉప్పు కోసం మొగ్గలపేట వెళ్ళి, తిరిగి ఎక్కుతూ ఇక్కడ ఆగాడు. డెబ్భై దాటినవాడు. చెవులు దాదాపు వినపడవు. నేను నోరారా మాట్లాడే మనిషి ఆయనొక్కడే, ఎందుకంటే నా గొంతు ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. చోడి అంబలి, అదే రాగంబలి, పోశాను. తాగుతూ ఊరి కబుర్లన్నీ విప్పాడు.

"ఇళ్ళన్నీ గెడ్డొడ్డునే కట్టీసినారమ్మీ. ఒక్కడు కూడా మెరకనెక్కనేదు. మంటొస్తే దబ్బున నీల్లలోకి దూకీయొచ్చట."

గౌరీసు గురించి అడిగాను. ఆయనకి వినపడేలా అడగాలంటే అరవాలి. అరిచాను.

"ఆ పిల్లా? మొగుడు దాలినాయుడు ఆ మంటలోనే పోనాడు కదేటి. కాలు ఇరిగి మంచం మీదున్నాడు. ఇది సంతకెల్లింది. ఇంట్లో ఉన్న పలుకు పెట్టి, ఆ మాటాడే డబ్బా, పేరెట్టి పిలిసి సెప్పిందట, దాలినాయుడుగారూ, మీరు ఇంట్లోనే ఉండండి, బయం లేదని. ఆడు పెళ్ళానికి పోను సేసి, పలుకు సెప్పింది కదే, ఉంటానులే అన్నాడట. ఆ గొంతు మల్లీ ఇనబడితే పీక నొక్కీసి సంపుతానంటది."

చిన్నాన్న వెళ్ళాక గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను.

ఈ పుస్తకంలో వాతావరణం రాయాలి, వచ్చిన సంకేతాలు రాయాలి. నన్ను ఈ పనిలో పెట్టిన మొగ్గలపేట కమిటీ వాళ్ళు దీన్ని ఎప్పుడూ చదవరు. చదువుతారనుకుంటే ఇది రాసేదాన్ని కాదు. ఆ గొంతు నాది.

సంతలో మైకు చెప్పేదాన్ని. టీకాలు ఏ రోజు వేస్తారో, తప్పిపోయిన పిల్లవాడు ఏ దుకాణం దగ్గరున్నాడో, ఏ బస్సు రాదో. పద్దెనిమిదేళ్ళు చెప్పాను. వరహాలమ్మ చెప్పిందంటే జరుగుతుందనేవారు. పట్నం నుంచి ‘పలుకు’ యంత్రం వాళ్ళు వచ్చి, జనానికి మీ గొంతంటే నమ్మకం, అది మాకివ్వండి అన్నారు. పంతొమ్మిది రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి ఏవేవో చదివించారు. చీర పెట్టి పంపారు. ఎంత మురిసిపోయానో! ఆ తర్వాత కొండల్లో ఇంటింటికీ ఒక పెట్టె వచ్చింది. అది నా గొంతుతో ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించేది. నేను ఏనాడూ అనని మాటలన్నీ అనేది.

మంట వచ్చిన రోజు నేను కొండల కింద వేరే ఊళ్ళో బస్సులో కూర్చుని శనక్కాయలు తింటున్నాను. డ్రైవరు దగ్గరున్న పెట్టెలోంచి వినపడింది, ఇళ్ళల్లోనే ఉండండి, గాలి తిరుగుతుంది అని. గాలి తిరగలేదు. నలభై ఒక్కమంది పోయారు. నేను అనలేదని ఎంతమందికి చెప్పను? ఎవరికైనా చెప్పాలంటే నోరు తెరవాలి, తెరిస్తే ఆ గొంతే వస్తుంది.

601వ రోజు

పట్నం నుంచి విత్తనాలు చల్లే యంత్రపు తూనీగలు వచ్చాయి. అరచేతంత ఉంటాయి, రెక్కల చప్పుడు మాత్రం మిల్లంత. వరసగా ఎగురుతూ విత్తనాలు పొదిగిన మట్టుండలు రాల్చిపోయాయి. కిందటిసారి రాల్చినవి ఇంకా అలాగే నేల మీద పడున్నాయి. ఒక్కటీ మొలవలేదు.

ఎందుకు మొలవలేదో చూద్దామని ఒక చెంబు నీళ్ళు పోశాను. నీళ్ళు నేలలోకి దిగలేదు. చేమాకు మీద నీటిబొట్టులా జారి పల్లానికి పోయాయి. చెంబు తర్వాత చెంబు పోశాను. గునపంతో పెళ్ళగిస్తే పైన బెత్తెడు మందాన కాలిన తారులాంటి పొర, దాని కింద పొడిమట్టి. ఈ కొండంతా ఇలాగే ఉంటే పెద్ద వాన పడినప్పుడు ఆ నీళ్ళన్నీ ఎటు పోతాయి? గెడ్డలోకి. బూడిదా బండలూ మొద్దులూ అన్నీ మోసుకుని. ఇళ్ళన్నీ గెడ్డొడ్డునే ఉన్నాయి.

గౌరీసుకి చెప్పబోయాను: నీళ్ళు. నేల. లోపల. లేదు.

తిరిగి పంపింది: నీళ్ళు. మంచిది. మంచిది.

ఈ నూటపన్నెండు సంకేతాల్లో వానకి ఒకటి ఉంది, వాన ప్రమాదమని చెప్పడానికి ఒక్కటీ లేదు. వాళ్ళు మంటని చూశారు కాబట్టి మంటకే భాష కట్టుకున్నారు. ఒకటో సంకేతం, చంటిపిల్లకి కూడా తెలిసింది, గబగబా ఆగకుండా కొట్టేది: ప్రమాదం, గెడ్డలోకి దిగండి. ప్రతి అమావాస్యకీ పరుగెత్తి అలవాటు చేసుకుంటారు. మొత్తం ఊరు ఎంతసేపట్లో గెడ్డలోకి దిగిందో నాకు గొప్పగా చెప్పేవాళ్ళు కూడానూ.

కమిటీకి ఉత్తరం రాశాను. వాన ప్రమాదానికి కొత్త సంకేతం కావాలి, పైకి ఎక్కండి అనే సంకేతం కావాలి, గెడ్డొడ్డు ఖాళీ చెయ్యాలి అని. చిన్నాన్న పట్టుకెళ్ళాడు.

నేనే దిగి వెళ్ళి చెప్పొచ్చు. సగం రోజు నడక. మొగ్గలపేట నడిబజారులో నిలబడి ఈ గొంతుతో? ఉత్తరమే మేలు అనుకున్నాను.

609వ రోజు

కమిటీ జవాబు వచ్చింది. ఉత్తరం చదివారట. చోళ్ళు కోశాక మీటింగులో పెడతారట. ఒక పెద్దాయన, వానొద్దనే మనిషిని మొదటిసారి చూస్తున్నామని నవ్వాడట. చిన్నాన్న కూడా నవ్వుతూనే చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వెల్లి సెప్తే ఇంటారు అమ్మీ. నీ సెయ్యంటే ఆ ఊరికి ప్రాణం," అన్నాడు.

చెయ్యంటే ప్రాణమే చిన్నాన్నా, అన్నాను మామూలు గొంతుతో. ఆయనకి వినపడలేదు.

617వ రోజు

మబ్బు. అద్దానికి పని లేదు.

618వ రోజు

మబ్బు. సన్న జల్లు. లోయంతా పొగమంచు, లాంతరు ఊపినా కనపడదు. అప్పుడు బుర్రకి తట్టింది. మంట వచ్చేది ఎండ రోజుల్లో, కాబట్టి ఎండతో కబురు పంపుకుందామనుకున్నారు, ఎంత తెలివైన పని! వాన వచ్చే రోజున ఈ గట్టు గుడ్డిది. ఏడాదిగా అద్దం తుడుస్తున్న నాకు కూడా ఇవాళే తట్టింది, వాళ్ళనేం అనను?

గది మూలన పాత మైకు పెట్టె ఉంది. ఊళ్ళో స్తంభాల మీది మైకులకి ఇక్కడినుంచే గొంతు వెళ్ళేది. మంట తర్వాత వాటిని పీకేద్దామన్నారట. చివరికి మూతులకి నల్లగుడ్డలు కట్టి అలాగే ఉంచారు, చచ్చిపోయినవాళ్ళ గుర్తుగా. ఇక్కడి పెట్టె ఎవరికీ అక్కర్లేదు. ఎందుకో వారం వారం దాని దుమ్ము నేనే దులుపుతాను.

619వ రోజు

వాన.

620వ రోజు

వాన తగ్గలేదు. రేపు తెల్లారగానే దిగి వెళ్ళిపోతాను. ఎవరేమన్నా సరే. రాళ్ళేసినా సరే.

621వ రోజు

వెళ్ళలేదు. వెళ్ళడానికి లేకపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గొడుగూ కర్రా తీసుకుని గడప దాటానో లేదో చిన్నాన్న పైనుంచి జారుతూ పడుతూ వచ్చాడు. మోకాళ్ళు రెండూ గీరుకుపోయి నెత్తురు.

"కాలిన మానులన్నీ గెడ్డకి అడ్డంపడిపోనాయమ్మీ! ఎనకాల నల్లనీల్లు సెరువులా నిలబడిపోనాయి. నా కల్ల ముందే మూరెడు పెరిగింది. తెగిపోతాది, బేగి తెగిపోతాది!"

అక్కడ తెగితే మొగ్గలపేటకి చేరడానికి ముప్పావు గంట. నేను దిగడానికి సగం రోజు.

మైకు పెట్టె మీట నొక్కాను. పచ్చదీపం వెలిగింది. వెలగకూడదని ఒక్క క్షణం కోరుకున్నాను, ఆ మాట దాచను. వెలగకపోతే నా తప్పేమీ ఉండదు కదా.

ఒకటో సంకేతం చప్పుడు చేసి వినిపిస్తే? ఊరంతా చెప్పినట్టే గెడ్డలోకి దిగుతుంది. పిల్లల్ని చంకనేసుకుని మరీ దిగుతారు. ఊరికే మాట్లాడితే? ఆ గొంతు పైకి ఎక్కమందని పంతం పట్టి కిందకి దిగుతారు. ఎవరైనా అదే చేస్తారు, నేనైనా అదే చేస్తాను.

గరిటె తీసుకున్నాను. మైకు ముందు కంచం పెట్టి కొట్టాను. మూడు పొట్టి, ఒక పొడుగు. అంటే మూడు దెబ్బలు, తర్వాత గరిటెతో కంచం అంచు వెంట ఒక పొడుగు గీత. మూడుసార్లు అంతే. ఇంకేమీ కొట్టలేదు. తర్వాత నోరు తెరిచాను.

"మొగ్గలపేట అందరికీ. నేను గట్టప్పని. ఈ గొంతు మీకు తెలుసు. తెలిసే మాట్లాడుతున్నాను. సంతలో మైకు చెప్పిన వరహాలమ్మని, యంత్రం కాదు, మనిషిని. ఇది మంట కాదు. గెడ్డలోకి దిగొద్దు. పైన గెడ్డకి అడ్డం పడింది, తెగితే బురద కొట్టుకొస్తుంది. అందరూ బడి మిట్ట మీదకి ఎక్కండి. సామాన్లు వదిలెయ్యండి. నన్ను తర్వాత తిట్టుకుందురు గాని, ముందు ఎక్కండి. గౌరీసూ, నా చెయ్యి నీకు తెలుసు కదా. నువ్వు చెప్పమ్మా వాళ్ళకి."

అదే మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఏడాదిన్నరగా మైకు ముందు వాడని గొంతు. నాలుగోసారికి పొడిబారి దగ్గు వచ్చింది. దగ్గుతూనే చెప్పాను. కింద ఏమవుతోందో కనపడదు, వినపడదు. తెల్లటి మంచుకి చెబుతున్నాను. చిన్నాన్న గడప మీద కూర్చుని నా పెదాలు కదలడం చూస్తున్నాడు.

తర్వాత కాళ్ళ కింద నేల అదిరింది. లోయలోంచి ఒక చప్పుడు వచ్చింది, వెయ్యి బళ్ళ రాళ్ళు ఒకేసారి దొర్లించినట్టు. చెవిటాయన కూడా తలెత్తాడు. నేను ఇంకా ఎక్కండి ఎక్కండి అంటూనే ఉన్నాను. ఆయన వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుని పక్కన పెట్టాడు.

622వ రోజు

మంచు. చిన్నాన్న మోకాళ్ళకి పసుపు అద్దాను.

623వ రోజు

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. గెడ్డొడ్డున ఇళ్ళు లేవు. ఒక్కటీ లేదు. నల్లటి బురద, దాని మీద నిలువునా గుచ్చుకుని మొద్దులు. అద్దం చేత్తో పట్టుకుని నిలబడ్డాను గానీ ఊపడానికి చెయ్యి రాలేదు. ఎవరికని ఊపను?

అప్పుడు బడి మిట్ట మీద పొగ కనపడింది. పొగ కనపడితే వెంటనే కిందకి చెప్పాలి, అదే నా ఉద్యోగం. అది పొయ్యి పొగ. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి. పదిహేడు దాకా లెక్కపెట్టి ఇక కళ్ళు కనపడక మానేశాను. పొగని చూసి అంత సంతోషపడినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఓలమ్మా, బతికున్నారు! బతికున్నారు!

అద్దం ఊపాను. మూడు పొట్టి, ఒక పొడుగు. జవాబు లేదు.

624వ రోజు

ఎండ. ఊపాను. జవాబు లేదు. చిన్నాన్న తన గుడిసె సంగతి చూసుకోడానికి పైకి వెళ్ళిపోయాడు.

625వ రోజు

జవాబు లేదు.

626వ రోజు

లేదు. అద్దం పోయి ఉండొచ్చు, బురదలో ఏం మిగులుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం మిట్ట మీద ఏదో తళుక్కుమంది. లేచి పరుగెత్తాను. ఎవరో గిన్నె తోముతున్నారు.

628వ రోజు

ఇవాళ మూడుసార్లు ఊపాను. వాళ్ళ తప్పు లేదు. నేనైనా ఊపను. గట్టప్ప అని ఒకత్తె ఉండేది, కోడిగుడ్లు దొంగిలించేదని ఆటపట్టించే మనిషి ఒకత్తె దానికి ఉండేది. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. కొండ మీద ఒక్కదాన్నే ఉండడంలో సుఖం అదొక్కటే, ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరూ ఏమిటని అడగరు.

నీళ్ళ పీపా నిండుగా ఉంది. గాలి తూర్పు నుంచి.

631వ రోజు

మధ్యాహ్నం పలకలు తుడుస్తుంటే దారిలో ఒక మనిషి ఎక్కుతూ కనపడింది. ఆడమనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, సన్నగా, మోకాళ్ళ దాకా బురద. భుజాన ఒక నల్లగుడ్డ, మైకు మూతికి కట్టినది కాబోలు. దగ్గరికొచ్చి నా ఎదురుగా నిలబడి ఆయాసం తీర్చుకుంది. నేను నోరు తెరవలేదు. తలొంచుకుని చేత్తో గుడిసె గోడ మీద కొట్టాను, మూడు పొట్టి, ఒక పొడుగు.

"ఆ పొడుగు ముందర కొంచెం ఆగుతావు," అంది. "మైకులో కూడా ఆగినావు. అది ఇనీసరికి నువ్వేనని తెలిసిపోనాది. మిగతావోల్లు మైకు ఇరగ్గొట్టీడానికి రాల్లు తీసినారు. ఇది గట్టప్ప సెయ్యి, నన్ను నమ్మండని అరిసినాను. అయినా సగంమంది కదల్నేదు. అప్పుడు నువ్వు దగ్గినావు. ఆ పెట్టి ఏనాడూ దగ్గనేదు. అప్పుడు కదిలినారు."

"అందరూ?" అన్నాను. ఒక్క మాటే.

నా గొంతు వినగానే ఆమె ముఖం బిగుసుకుపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా వెళ్ళిపోలేదు.

"అందరూ. మేకలు పోనాయి, కోల్లు పోనాయి. మనుసులందరూ ఉన్నారు. ముసిల్దాన్ని మంచంతో మోసినాం." నల్లగుడ్డ భుజం మార్చుకుంది. "నీ పీక నొక్కుదామనే ఎక్కినాను. పది రోజులు పడుకోనేదు. నువ్వూ ఆ గొంతూ ఒకటే మనిసంటే నాను ఎవులితో నవ్వినాను, ఎవుల్ని తిట్టినాను? సగం దారి ఎక్కీసరికి ఆయాసం వచ్చీసి కోపం ఎక్కడో జారిపోనాది."

లోపల కూర్చోబెట్టాను. అంబలి పోశాను. ముట్టుకోలేదు. ఆ నల్లగుడ్డ ఒళ్ళో పెట్టుకుని నా మూతివైపే చూస్తూ కూర్చుంది.

"మాటాడు," అంది. "నీ నోరు సూస్తూ ఇంటాను. ఎదురుగా కూకుని మాటాడితేనే మా ఊర్లో మాట."

"ఏం మాట్లాడమంటావు తల్లీ?"

"మా ఆయన్ని పిలు. ఆ పెట్టి పిలిసినట్టే, గారూ పెట్టి పిలు. ఈసారి బయటికి రమ్మను."

నా వల్ల కాదన్నాను. ఆమె చూపు తిప్పలేదు. పద్దెనిమిదేళ్ళు మైకు ముందు తడబడని దాన్ని ఒక్క పేరు పలకడానికి ఎంతసేపు తీసుకున్నానో తెలియదు.

"దాలినాయుడుగారూ," అన్నాను. "ఇంట్లో ఉండకండి. బయటికి రండి. మంట వచ్చేస్తోంది. కాలు నొప్పైనా సరే, ఎవరినైనా సాయం పిలిచి గెడ్డలోకి దిగండి. గౌరీసు సంత నుంచి వచ్చేస్తోంది."

ఆమె కదలకుండా విన్నది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"ఇంకోపాలి," అంది.

మళ్ళీ చెప్పాను. అప్పుడు అంబలి గిన్నె తీసుకుని ఒక గుక్క తాగింది. నల్లగుడ్డ మడతపెట్టి పక్కన ఉంచింది.

"మిగతావోల్లని కూడా పిలు. పేర్లు నాను సెప్తాను."

ఒక్కొక్క పేరూ ఆమె చెప్పింది, ఒక్కొక్కరినీ నేను బయటికి రమ్మన్నాను. పిల్లలున్నారు అందులో. పిల్లల్ని ఏమని పిలవాలో కూడా ఆమే చెప్పింది. నలభై ఒకటి పూర్తయ్యేసరికి ఎండ పడమటికి వాలింది. నా గొంతు పూర్తిగా పోయింది.

నీళ్ళ పీపా ముప్పావు ఉంది. గాలి పడమర నుంచి. ఇవాళ అద్దం ఊపలేదు.